ఫెడరల్ కోర్టుకు వెళ్లాల్సి వస్తే: కార్పొరేషన్ మేలా, ఎల్‌ఎల్‌సీ మేలా?

డల్లాస్ వైపో, న్యూజెర్సీలోనో మనవాళ్లు కొందరు కలిసి మోటెలో, అపార్ట్‌మెంట్ కాంప్లెక్సో కొంటే, కాగితం మీద పెట్టేది చాలాసార్లు ఎల్‌ఎల్‌సీయే (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ; యజమానులను సభ్యులంటారు). పన్నుల పరంగా అందులో సౌలభ్యం ఉంది, కాదనను. కోర్టు మెట్లెక్కాల్సి వస్తే మాత్రం కథ వేరు.

వేర్వేరు రాష్ట్రాల పౌరుల మధ్య 75,000 డాలర్లు దాటిన తగాదాను రాష్ట్ర కోర్టే కాదు, అమెరికా ఫెడరల్ (కేంద్ర) కోర్టు కూడా వింటుంది. ఈ లెక్కలో అమెరికా పౌరుడు ఏ రాష్ట్రంలో స్థిరపడితే ఆ రాష్ట్ర పౌరుడు. దీన్నే డైవర్సిటీ జ్యూరిస్‌డిక్షన్ అంటారు. 1806 నుంచీ ఉన్న మెలిక ఏమిటంటే, వాదుల్లో ఒక్కరు, ప్రతివాదుల్లో ఒక్కరు ఒకే రాష్ట్రం వాళ్లయినా కేసు అక్కడ నిలవదు.

కార్పొరేషన్ (వాటాదారుల కంపెనీ) సంగతి తేలిక. రిజిస్టరైన రాష్ట్రం, ప్రధాన వ్యాపార స్థానం ఉన్న రాష్ట్రం, ఈ రెండే దాని పౌరసత్వం. 1958 చట్టం పెట్టిన లెక్క ఇది. ప్రధాన స్థానం ఏదన్న పేచీని 2010లో హెర్ట్జ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: బిజినెస్ ఎక్కడ ఎక్కువ జరిగిందన్నది కాదు, పైవాళ్లు నిర్ణయాలు తీసుకునే చోటే లెక్క. వాటాదారులు ఎక్కడుంటే ఎవరిక్కావాలి.

ఎల్‌ఎల్‌సీకి సొంత పౌరసత్వమే లేదు. సభ్యులు ఏయే రాష్ట్రాల వాళ్లయితే ఆ రాష్ట్రాలన్నీ దానివే. సభ్యుల్లో ఇంకో ఎల్‌ఎల్‌సీ ఉంటే దాని సభ్యులనూ తవ్వాలి. డెలావేర్‌లో రిజిస్ట్రేషన్, టెక్సాస్‌లోని ప్లేనోలో ఆఫీసు, పద్నాలుగు మంది సభ్యులు అనుకుందాం. రూఫ్ పాడుచేసిన కాంట్రాక్టరు ఒహాయో వాడు. సభ్యుల్లో ఒకే ఒక్కాయన అదే ఒహాయోలోని కొలంబస్‌లో స్థిరపడ్డాడు. అంతే, ఫెడరల్ కోర్టు ఆశ వదులుకోవాలి.

ఇంతకన్నా విచిత్రం ఇంకోటుంది. అమెరికా పాస్‌పోర్టు తీసుకుని హైదరాబాద్ తిరిగొచ్చి స్థిరపడ్డ సభ్యుడు అమెరికా పౌరుడే, కానీ ఏ రాష్ట్ర పౌరుడూ కాదు. వెనిజులాలో ఉంటున్న ఒక అమెరికన్ విషయంలో 1989లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. అలాంటి సభ్యుడు ఒక్కడుంటే ఎల్‌ఎల్‌సీకి డైవర్సిటీ దారి మొత్తం మూసుకుపోయినట్టే. అదే హైదరాబాద్‌లో భారత పాస్‌పోర్టుతో ఉన్న బావమరిది సభ్యుడైతే, అవతలివాడు అమెరికన్ అయినంతవరకూ ఈ చిక్కు లేదు!

ముందే చూసుకోకపోతే ఏమవుతుందో 2003లో ఇల్లినాయ్ కేసు ఒకటి చూపించింది. విచారణ అయింది, జ్యూరీ తీర్పూ వచ్చింది. అప్పీలులో చూస్తే ఇటు ఎల్‌ఎల్‌సీ సభ్యుల్లో, అటు కంపెనీలో ఇల్లినాయ్ పౌరసత్వమే! తీర్పు కొట్టేశారు. రాష్ట్ర కోర్టులో మళ్లీ చేయాల్సిన పనికి ఫీజు తీసుకోకుండా చేస్తే బాగుంటుందని లాయర్లకు చీవాట్లు పెట్టారు.

మరి ఏది మేలు? అసలు మీకు ఫెడరల్ కోర్టు కావాలా అన్నది ముందు తేల్చుకోండి. ఎక్కడికెళ్లినా అన్వయించేది రాష్ట్ర చట్టమే, 1938 నుంచీ అంతే. జ్యూరీ దగ్గర తేడా ఉంది: టెక్సాస్ డిస్ట్రిక్ట్ కోర్టులో పన్నెండుమందిలో పదిమంది ఒప్పుకుంటే చాలు, ఫెడరల్‌లో మామూలుగా అందరూ ఒక్కమాట మీద ఉండాలి. దావా వేసేవాళ్లకు సొంతూరి కోర్టే నయమనిపించడం సహజం. అలాంటప్పుడు కేసును ఫెడరల్‌కు లాక్కెళ్లాలని అవతలి ఒహాయో కంపెనీ చూస్తే, ఎల్‌ఎల్‌సీలో ఉన్న ఆ కొలంబస్ సభ్యుడే దానికి అడ్డుగోడ, మీకు రక్ష.

కాబట్టి ఇతర రాష్ట్రాల పెద్ద కంపెనీలతో కాంట్రాక్టులు చేస్తూ, ఫెడరల్ కోర్టు మీద నమ్మకం ఉన్న వ్యాపారానికి నా ఓటు కార్పొరేషన్‌కే. ఒక్క భవనం కొని అద్దెలు పంచుకునే గుంపుకైతే ఎల్‌ఎల్‌సీ చాలు. కోర్టు కోసం దాన్ని మార్చి పన్ను నెత్తికెత్తుకోవడం దండగ. ఒప్పందంలో మాత్రం ఒక షరతు రాయించండి: ఇల్లు మారినా, దేశం మారినా సభ్యుడు వెంటనే మేనేజర్‌కు చెప్పాలి. 2022 డిసెంబర్ నుంచి డైవర్సిటీ కేసుల్లో సభ్యుల పేర్లు, పౌరసత్వాలు మొదట్లోనే కోర్టుకు రాసివ్వాలన్న రూలుంది. పేరు బయటికి రాకూడదనుకునే సభ్యులకు ఆ సంగతి డబ్బు తీసుకునే ముందే చెప్పడం మర్యాద.