ట్రేడ్ మ్యాప్‌లో రొయ్యల లెక్క: ఎంతవరకు నమ్మొచ్చు

జెనీవాలోని ఇంటర్నేషనల్ ట్రేడ్ సెంటర్ వాళ్ల ట్రేడ్ మ్యాప్ సైటు ఏ దేశం ఏ సరుకు ఎవరికి ఎంత అమ్మిందో చూపిస్తుంది. మన దేశం నుంచి రిజిస్టర్ చేసుకుంటే ఖర్చేమీ లేదు. ఎగుమతిదారు, బ్రోకరు, పెద్ద రైతు ఎవరికైనా పనికొచ్చేదే. కాకపోతే చదవడం తెలియాలి.

సరుకు పేరు కాదు, హెచ్ఎస్ కోడ్ కొట్టండి, అంటే అన్ని దేశాలూ సరుకును గుర్తించడానికి వాడే అంకె. భీమవరం వైపు నుంచి వెళ్లే ఫ్రోజెన్ వనామీ రకం రొయ్య 030617 కింద వస్తుంది. బ్రెడ్ పొడి పట్టించిన రకాలు 160521, 160529లో ఉంటాయి. వీటిని వదిలేస్తే వియత్నాం, థాయిలాండ్ వాటా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అంకెలు వేల డాలర్లలో ఉంటాయి, అంటే 25,00,000 అని ఉంటే 250 కోట్ల డాలర్లు. ఇక్కడ బోల్తా పడేవాళ్లు చాలామంది.

అన్నిటికంటే ప్రమాదం యూనిట్ విలువ, అంటే మొత్తం విలువను టన్నులతో భాగిస్తే వచ్చే సగటు ధర. ఈక్వెడార్ చైనాకు ఎక్కువగా తలతో ఉన్న రొయ్యే పంపుతుంది. మనం అమెరికాకు పంపేదాంట్లో ఒలిచిన మాంసం ఎక్కువ. రెండూ ఒకే కోడ్, టన్నుకి ఇంత అని సగటు. 30 కౌంటూ (కిలోకి 30 తూగే పెద్ద రొయ్య) 100 కౌంటూ (కిలోకి 100 తూగే చిన్నది) అందులోనే కలిసిపోతాయి. ఆ సగటు పట్టుకుని చెరువు గట్టు ధర మాట్లాడితే నవ్వుతారు. వనామీ, టైగర్ రకాలు విడివిడిగా కావాలంటే మన వాణిజ్య శాఖ సైట్లో 8 అంకెల కోడ్ చూడాలి. అక్కడ ఏడాది ఏప్రిల్‌తో మొదలవుతుంది, ట్రేడ్ మ్యాప్‌లోనేమో జనవరితో. రెండూ పక్కపక్కన పెట్టేముందు అది సరిచూసుకోండి.

ఇండియా చెప్పిన ఎగుమతికీ అవతలి దేశం చెప్పిన దిగుమతికీ తేడా వస్తే కంగారు వద్దు. ఎగుమతి లెక్కలో సరుకు ఓడ ఎక్కేవరకు అయ్యే విలువే ఉంటుంది. దిగుమతి లెక్కలో చాలా దేశాలు ఓడ కిరాయి, బీమా కలుపుతాయి. పైగా డిసెంబరులో విశాఖ దాటిన కంటైనరు అక్కడ మరుసటి ఏడాదిలో పడుతుంది.

సుంకాల దెబ్బ తెలియాలంటే వార్షిక పట్టిక తీయొద్దు. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుపై అదనపు సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. ఆ ఏడాది మొత్తంలో అంతకుముందు దాదాపు 8 నెలల సరుకు కూడా కలిసి ఉంటుంది, దెబ్బ పలచబడిపోతుంది. నెలవారీ పట్టిక తీసి, ఒక్కో నెలనీ అంతకుముందు ఏడాది అదే నెలతో పోల్చండి. విలువతోపాటు టన్నులూ చూడాలి. లేకపోతే ధర పడిందో, సరుకే తగ్గిందో తేలదు.