ఇనుప ముక్కల పైపుల రాక్, నాలుగేళ్ల వాడకం తర్వాత

కడపలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న లేతు (ఇనుమును తిప్పుతూ చెక్కే యంత్రం) పెట్టుకున్నాను. కోయగా మిగిలిన రాడ్డు ముక్కలు మొదట్లో సిమెంటు బస్తాల్లో పడి ఉండేవి. తర్వాత 4 అంగుళాల పీవీసీ పైపును అడుగున్నర ముక్కలుగా కోసి, యాంగిల్ ఫ్రేములో కాస్త వెనక్కి వాలేలా పేర్చాను. ఒక్కో పైపులో ఒక్కో రకం. చెయ్యి పెడితే కావాల్సిన ముక్క దొరుకుతుంది. ఆ సుఖం బస్తాలు కుమ్మరించినవాళ్లకే తెలుస్తుంది.

నన్ను దెబ్బతీసింది రంగు గుర్తు. గట్టి రకం ఉక్కు ఈఎన్ 8 రాడ్ల కొసకు ఎరుపు, స్టెయిన్‌లెస్‌కు నీలం పూశాను. ఎంఎస్, అంటే మైల్డ్ స్టీల్, మామూలుదే కదా అని వదిలేశాను. రెండో ఏడు మా చిన్నాన్న వాళ్ల గేటుకు 25 ఎంఎం పిన్ను వెల్డింగ్ చేసిచ్చాను. వారానికే వెల్డింగ్ అంచున పగిలి గేటు ఒరిగిపోయింది. అప్పుడు అక్కడ పిల్లలెవరూ లేరు, దేవుడి దయ. నా వెల్డింగే సరిగా పడలేదనుకుని అదే రాడ్డులోంచి ఇంకో పిన్ను కోసి వేశాను. అదీ పగిలింది. అప్పుడు అనుమానమొచ్చి గ్రైండరుకు ఆనించి చూస్తే, ఎంఎస్‌కు పొడుగ్గా సాగే రవ్వలు దీనికి చివర్లో పువ్వుల్లా చిట్లుతున్నాయి. అది ఈఎన్ 8. కార్బన్ ఎక్కువ, ముందు వేడి చేయకుండా వెల్డింగ్ చేస్తే పగుళ్లు వస్తాయి. ఎరుపు పూసిన కొసను ఎప్పుడో నేనే కోసేసి, మిగతాది ఎంఎస్ పైపులో పడేశాను.

ఇప్పుడు ఎంఎస్‌కూ తెలుపు ఉంది. రంగు లేని ముక్క ఏ పైపులోకీ పోదు. కోత ఎప్పుడూ రంగు లేని కొస నుంచే.

చెయ్యి పెడితే దొరుకుతుందన్నాను గానీ, జానెడు కంటే చిన్నవి లోపలికి జారిపోతాయి. వాటిని నూనె డబ్బాల్లోకి మార్చాను. పైగా 25 ఎంఎం రాడ్డు మీటరుకు 3.86 కిలోలు. మే నెల వేడికి కింది వరస పైపులు ఆ బరువుకు అణిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. వరసల మధ్య కడప బండ పరిచాక ఆ బాధ తీరింది.

షెడ్డులో పని చేసేది నేనొక్కణ్ణే కాబట్టి నాకిది బాగా కుదిరింది. నాలుగు చేతులు పడే చోట ఎలా ఉంటుందో చెప్పలేను. ఈ సెలవుల నుంచి మా అబ్బాయి కూడా లేతు దగ్గరికి వస్తున్నాడు. రంగు డబ్బా, కుంచె వాడికే అప్పజెప్పాను.