పన్నెండు బొమ్మలా, ఎనిమిదా?

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. డిస్నీ పాత సినిమాల్లో వాటికోసం సాధారణంగా 12 బొమ్మలు గీసేవారు, కదలిక వేగంగా ఉంటే 24 కూడా. జపాన్ టీవీ యానిమేలో, అంటే అక్కడి యానిమేషన్‌లో, ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపి, ఎనిమిదితో సరిపెట్టడం మామూలు.

ఈ పద్ధతి పాతుకుపోవడానికి ముఖ్య కారకుడు జపాన్ కామిక్స్ రచయిత ఒసాము తెజుకా. 1963 జనవరి 1న ఆయన యానిమే సీరియల్ 'ఆస్ట్రో బాయ్' టీవీలో మొదలైంది. వారం తిరిగేసరికి అరగంట ఎపిసోడ్ సిద్ధంగా ఉండాలి, బడ్జెట్ చూస్తే అంతంతమాత్రం. ఆ టెన్షన్‌లో గీసిన బొమ్మల్నే దాచి మళ్లీ వాడారు. ముఖం కదపకుండా నోరొక్కటే ఆడించారు.

నా దృష్టిలో అసలు అందం ఇక్కడే పుట్టింది. డిస్నీ పాత్ర బాధపడితే భుజాలు, చేతులు, కనుబొమలు అన్నీ నటిస్తాయి. యానిమేలో పాత్ర కదలకుండా నిలబడుతుంది. జుట్టు కొస గాలికి ఊగుతుంది, కీచురాళ్ల రొద వినిపిస్తుంది, కెమెరా మెల్లగా ఆకాశం వైపు జరుగుతుంది. మిగతాది చూసేవాళ్లే ఊహించుకుంటారు. పొదుపు కోసం వచ్చిన నిశ్చలతే అక్కడ నటనైంది.

నడక, డాన్సు, జంతువుల ఒడుపు కావాలంటే మాత్రం డిస్నీదే పైచేయి, అందులో సందేహం లేదు.

గొంతు విషయంలోనూ తేడా ఉంది. డిస్నీలో ముందు డైలాగ్ రికార్డు చేసి, పెదాలను దానికి తగ్గట్టు గీస్తారు. జపాన్‌లో ఎక్కువగా బొమ్మ ముందు, గొంతు తర్వాత. అందుకే తెరిచిన, సగం తెరిచిన, మూసిన నోళ్లు మూడుంటే చాలు. 1988లో వచ్చిన జపాన్ యానిమే సినిమా 'అకీరా' దీనికి భిన్నం: డైలాగులు ముందే రికార్డు చేసి, పెదాల కదలికలు వాటికి సరిపోయేలా గీశారు.