నవలకు ఏజెంటు: అమెరికాలో ఒక తీరు, బ్రిటన్‌లో ఇంకో తీరు

ఇంగ్లీషులో నవల పూర్తిచేసిన మనవాళ్లు చాలామంది ఒకే ఉత్తరాన్ని రెండు దేశాల ఏజెంట్లకూ, అంటే రచయిత తరఫున పుస్తకాన్ని ప్రచురణకర్తలకు అమ్మిపెట్టేవాళ్లకు, పంపేస్తారు. అక్కడే దెబ్బతింటారు.

అమెరికాలో బరువంతా క్వెరీ లెటర్ మీదే, అంటే నవలను పరిచయం చేస్తూ ఏజెంటుకు రాసే ఉత్తరం మీదే. సుమారు 300 మాటల్లో ప్రధాన పాత్ర ఎవరు, ఏం కావాలి, ఏది అడ్డు అన్నది చెప్పాలి. జానర్ (నవల ఏ కోవకు చెందింది), మొత్తం పదాల సంఖ్య, మీ నవలను పోలిన, ఈమధ్య వచ్చిన రెండు పుస్తకాల పేర్లు చేర్చాలి. ముగింపు చెప్పకూడదు. దాంతోపాటు చాలామంది ఏజెంట్లు చదివేది నవలలో మొదటి 5–10 పేజీలే. కథ 20వ పేజీలో అందుకునే నవల ఇక్కడ నిలవడం కష్టం.

బ్రిటన్‌లో ఉత్తరం పొట్టిగా ఉన్నా చాలు. సాధారణంగా మొదటి మూడు అధ్యాయాలు, ఒక పేజీ సినాప్సిస్ (మొత్తం కథ సారాంశం) అడుగుతారు. అందులో ముగింపు దాచారో, కథ ముగించడం రాదనుకుంటారు. నిదానంగా పుంజుకునే నవలకు ఇదే మేలు.

కమీషన్ రెండుచోట్లా మామూలుగా 15 శాతం, అదీ పుస్తకం అమ్మాకే. చదవడానికి ఫీజు అడిగితే తప్పుకోండి.