మెల్‌బోర్న్‌లో అయిదు నెలలు: మళ్లీ వెళ్లాలనిపించినవి, ఒక్కసారి చాలనిపించినవి

2024 అక్టోబర్‌లో వెళ్లి మార్చిలో తిరిగొచ్చాం. అమ్మాయి, అల్లుడు ఉండేది టార్నీట్‌లో. మెల్‌బోర్న్‌కి పడమటి వైపు శివారు అది. సాయంత్రం పార్కులో నడుస్తుంటే ఎదురొచ్చే నలుగురిలో ఒకరు తెలుగులోనే ఫోన్ మాట్లాడుతూ కనిపిస్తారు. రాజమండ్రి వదిలి ఇంత దూరం వచ్చామా అనిపించింది మొదటి వారం.

అంతకుముందు ఎయిర్‌పోర్ట్ సంగతి చెప్పాలి. విమానంలో ఇచ్చే కార్డు మీద తినే వస్తువులు ఉన్నాయా అని అడుగుతారు. ఉంటే ఉన్నాయని రాయాలి. మా ఎదురుగానే ఒకాయన 'లేదు' అని రాసి, పెట్టె అడుగు నుంచి ఒక్కో పొట్లం బయటపడుతుంటే చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. మేము 'ఉన్నాయి' అని రాశాం. ఆఫీసరమ్మ ఆవకాయ సీసా, కందిపొడి, పూతరేకులు తిప్పితిప్పి చూసి వదిలేసింది. పాలకోవా మాత్రం పక్కన పెట్టేసింది. పాలతో చేసినవాటి విషయంలో వాళ్లు గట్టిగా ఉంటారు. అమ్మాయికి ఇష్టమని ప్రత్యేకంగా చేయించింది అదొక్కటే!

శివారులో ఇల్లు విశాలంగా, హాయిగా ఉంటుంది. కానీ కారు లేనివాళ్లకి కాళ్లు కట్టేసినట్టే. పగలంతా పిల్లలు ఆఫీసులకి పోతారు, మనిద్దరం కిటికీలోంచి ఎదురింటి గరాజ్ తలుపు చూస్తూ కూర్చోవాలి. రెండు వారాలు అలాగే గడిచాక మావారు లేచి, "మనమే వెళ్దాం పద" అన్నారు. టార్నీట్ స్టేషన్ నుంచి ఊళ్లోని సదరన్ క్రాస్‌కి అరగంట ప్రయాణం. ఆ రైళ్ల పేరు వీలైన్. వీలైనన్నిసార్లు ఎక్కాం.

టికెట్టుకి బదులు మైకీ అనే కార్డు. మేమున్నప్పుడు కార్డుకే 6 డాలర్లు, పైన మనం డబ్బు వేసుకోవాలి. రోజంతా ఎన్నిసార్లు ఎక్కి దిగినా ఒక హద్దు దాటి కోత పడదు. అప్పట్లో మామూలు రోజుల్లో ఆ హద్దు పది డాలర్ల పైచిలుకు, శని ఆదివారాల్లో ఏడు డాలర్ల చిల్లర ఉండేది. మన సీనియర్ సిటిజన్ కార్డు చూపించి రాయితీ అడిగే ఆలోచన ఉంటే మానుకోండి, మేము అడిగి వచ్చాం.

ఊరి నడిబొడ్డున మాత్రం ట్రామ్‌లు ఉచితం. ఆ హద్దులోపల ఎక్కితే కార్డు తాకించనక్కర్లేదు. 35 నంబరు ట్రామ్ పాతకాలపు చెక్క బండి, ఊరు చుట్టూ తిప్పుతూ ఏది ఏమిటో చెబుతుంది. మెల్లగా పోతుంది, కిక్కిరిసి ఉంటుంది. ఒకసారి ఎక్కి, తర్వాత మామూలు ట్రామ్‌లు పట్టుకోవడం మేలు. ఒకరోజు బొటానిక్ గార్డెన్స్‌కి బయల్దేరాం. ఫెడరేషన్ స్క్వేర్ దగ్గర మైకులో ఏదో చెప్పారు. అందులో మావారికి 'ఫ్రీ' అన్న మాటొక్కటే వినపడింది, కాళ్లు చాపుకుని కూర్చున్నారు. చెప్పింది ఫ్రీ జోన్ అయిపోతోందని! పక్కన కూర్చున్న చైనా అమ్మాయి మా చేతుల్లో కార్డులు చూసి తలుపు దగ్గరున్న మెషిన్ చూపించింది. అప్పుడు పరుగు. దొరికితే జరిమానా ఎంతో గోడ మీద రాసే ఉంది, తర్వాత చదివాను.

ఆ తోట 1846 నాటిది, ప్రవేశం ఉచితం. పక్కనే గుట్ట మీద ష్రైన్ ఆఫ్ రిమెంబ్రెన్స్ ఉంది, యుద్ధాల్లో పోయిన సైనికుల స్మారకం. 1934లో ప్రారంభించారు. లోపల నేల మట్టానికి కిందుగా ఒక రాయి, దాని మీద బైబిల్ వాక్యం. ఏటా నవంబర్ 11న ఉదయం 11 గంటలకి పైకప్పు కన్నం గుండా సూర్యకిరణం వచ్చి, ఆ వాక్యంలోని 'లవ్' అన్న మాట మీద పడుతుంది. మన అరసవల్లిలో స్వామి పాదాల మీద పడే కిరణాలే గుర్తొచ్చాయి. ఇందులో ఒక తమాషా ఉంది. తర్వాతి కాలంలో ఎండాకాలం (అక్కడ నవంబర్ కూడా అందులోకే వస్తుంది) గడియారాలు గంట ముందుకు జరపడం మొదలుపెట్టాక కిరణం 12 గంటలకి పడసాగిందట. సూర్యుడు గడియారం మాట వినడుగా! అద్దాలు అమర్చి మళ్లీ 11కి తెచ్చారు. మిగతా రోజుల్లో వచ్చేవాళ్ల కోసం దీపం వెలుతురుతో చూపిస్తారు. మెట్లెక్కి బాల్కనీలోకి వెళ్తే ఊరంతా కనిపిస్తుంది, అదీ ఉచితమే. ఈ మాట ఎందుకంటే, యురేకా టవర్ 88వ అంతస్తుకి టికెట్ కొని వెళ్లాం. 285 మీటర్ల ఎత్తు. లిఫ్ట్ సరదాగా ఉంది. పైన పది నిమిషాలు చూశాక అద్దానికి అటు అంతా బొమ్మల కొలువులా ఒకే తీరు. ఒక్కసారి చాలు.

క్వీన్ విక్టోరియా మార్కెట్‌కి మొదట బుధవారం వెళ్లి మూసిన షెడ్లు చూసి వచ్చాం. సోమ, బుధవారాలు సెలవు. మళ్లీ శనివారం వెళ్లాం. 1878 నుంచి నడుస్తున్న బజారు. పొద్దెక్కి సర్దుకునే వేళకి వెళ్తే కూరలవాళ్లు అచ్చం మన రైతుబజారులో లాగే గొంతెత్తి ధర తగ్గిస్తారు. మామిడిపండ్లు మాత్రం ఒక్కొక్కటి లెక్కన అమ్ముతారు, కొనేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. రుచి? మన రసాల ముందు నిలవదు. డిసెంబర్‌లో చెర్రీలు తినండి, అవి నిజంగా బాగుంటాయి. వ్యాన్‌లో వేడివేడిగా అమ్మే జామ్ డోనట్ కొరికేటప్పుడు జాగ్రత్త, లోపలి జామ్ నాలుక కాలుస్తుంది. కాఫీ బయట ఐదారు డాలర్లు, అంటే అటూఇటూగా మూడొందల రూపాయలు. మొదటి నెల రూపాయల్లో లెక్కేసుకుని మానేశాం, రెండో నెల లెక్కేయడం మానేశాం.

ఎంసీజీ, అంటే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ గురించి మావారు రాస్తే వేరేగా ఉండేది, నేను నాకు తోచినట్టు చెబుతాను. 1853 నాటి మైదానం. 1877లో ప్రపంచంలో మొట్టమొదటి టెస్ట్ మ్యాచ్ జరిగింది ఇక్కడే. లక్ష మంది పడతారు. అల్లుడు డిసెంబర్ 26న మొదలయ్యే బాక్సింగ్ డే టెస్ట్‌కి మొదటి రోజు టికెట్లు తీశాడు. ఆ రోజు 19 ఏళ్ల కాన్‌స్టాస్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు బుమ్రా బంతుల్ని వెనక్కి ఎగరేస్తుంటే మావారు తల పట్టుకు కూర్చున్నారు. ఎండ, ఈగలు, మూడు గంటల తర్వాత చలిగాలి. ఇక చాలని ఇంటికొచ్చేశాం. తీరా మూడో రోజు మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టాడు! మేమేమో టార్నీట్‌లో సోఫాలో కూర్చుని టీవీలో చూశాం. 99 మీద ఉండగా అవతల బుమ్రా అవుటయ్యాడు, సిరాజ్ వచ్చాడు. మిగిలిన మూడు బంతులూ సిరాజ్ కాచుకున్నాడు. వైజాగ్ అబ్బాయి, హైదరాబాద్ అబ్బాయి కలిసి మెల్‌బోర్న్ క్రీజులో నిలబడి ఉంటే మా ఇంట్లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. తర్వాత నితీశ్ ఫోర్ కొట్టి మోకాలి మీద కూర్చున్నాడు. స్టాండ్‌లో వాళ్ల నాన్న ఏడుస్తున్నాడు, ఇక్కడ మావారు కూడా.

జనవరిలో మ్యాచ్ లేని రోజు చూసి మైదానం చూపించే టూర్‌కి వెళ్లాం. గంటకి పైగా నడిపిస్తారు, మోకాళ్లు బాగుండాలి. గైడ్ ఒక పెద్దాయన. ఎక్కడి నుంచని అడిగి, ఆంధ్ర అనగానే "రెడ్డి!" అన్నాడు. మావారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. క్రికెట్ పట్టనివాళ్లకి కూడా ఖాళీ స్టేడియం ఆ నిశ్శబ్దంలో చూడదగ్గది.

మధ్యలో మూడు రాత్రులు ఊళ్లోనే ఉందామని సౌత్‌బ్యాంక్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. హోటల్ గది కంటే ఇదే నయం అనుకున్నాం. నది దాటితే ఉచిత ట్రామ్‌లు, రాత్రి నీళ్ల మీద దీపాలు, గదిలోనే వాషింగ్ మెషిన్. రెండో రాత్రి పప్పులోకి తాలింపు పెట్టాను. నూనె కాగి ఎండుమిర్చి వేశానో లేదో, నెత్తి మీద పొగ అలారం కూత మొదలెట్టింది. నేను కంగారులో పొగ పోతుందని గది తలుపు బార్లా తీయబోయాను. అమ్మాయి ఫోన్‌లోనే కేకేసింది, "అమ్మా, తలుపు తీయకు, బాల్కనీ తలుపు తియ్యి!" అని. పొగ కారిడార్‌లోకి పోతే బిల్డింగ్ మొత్తం అలారం మోగి ఫైరింజన్ వస్తుందట, దాని ఖర్చూ మన మీదే వేస్తారట. మావారు దుప్పటి విసురుతూ కాసేపు కుస్తీ పట్టాక ఊరుకుంది. ఆ పప్పు తాలింపు లేకుండానే తిన్నాం. బుక్ చేసేముందు స్టవ్ పైన పొగ లాగే ఫ్యాన్ పనిచేస్తుందో లేదో కనుక్కోండి, మా దాంట్లో చప్పుడే తప్ప లాగడం లేదు.

సముద్రం పక్కనే సాగే గ్రేట్ ఓషన్ రోడ్ రెండుసార్లు చూశాం. మొదటిసారి టూరు బస్సులో. పొద్దున్నే ఎక్కిస్తే రాత్రికి దింపారు. సగం సమయం బస్సులోనే. ట్వెల్వ్ అపాజిల్స్ అనే రాతి స్తంభాల దగ్గర నలభై నిమిషాలు ఇచ్చారు, అందులో పదిహేను నిమిషాలు బాత్‌రూమ్ లైన్‌కే పోయింది. బస్సులో హీటర్ మా వరుసకి రాదు, చెబితే డ్రైవర్ నవ్వి ఊరుకున్నాడు. ఏ కంపెనీ అన్నది అనవసరం, ఒక్క రోజులో ఆ దారి చూపిస్తామనే ఎవరైనా చేయగలిగింది అంతే అనుకుంటాను.

రెండోసారి ఫిబ్రవరిలో అల్లుడి కారులో వెళ్లి పోర్ట్ క్యాంప్‌బెల్‌లో ఒక రాత్రి మోటెల్‌లో ఉన్నాం. చిన్న ఊరు, మోటెల్ గది సాదాసీదా, దుప్పట్లు పల్చన. అయినా అక్కడి నుంచి ఆ రాళ్ల దగ్గరికి 12 కిలోమీటర్లే. సాయంత్రం బస్సులన్నీ వెళ్లిపోయాక వెళ్లాం. సముద్రంలో నిలబడ్డ సున్నపురాతి స్తంభాలు ముందు పసుపు, తర్వాత ఇటుక రంగు, తర్వాత నల్లటి నీడలు అయ్యాయి. పేరులో పన్నెండు ఉందిగానీ ఎప్పుడూ పన్నెండు లేవు. 2005లో ఒకటి కూలాక ఎనిమిదే మిగిలాయంటారు. ఆ దారిలోనే లండన్ బ్రిడ్జ్ అనే రాతి వంతెన 1990లో కూలింది. అవతలి ముక్క మీద చిక్కుకున్న ఇద్దర్ని హెలికాప్టర్‌లో తెచ్చారు. ఆ మాట విన్నాక నేను రెయిలింగ్‌కి రెండడుగులు వెనక్కే నిలబడ్డాను.

లాక్ ఆర్డ్ గార్జ్ దగ్గర బస్సు ఆగింది గానీ దిగి కిందికి వెళ్లే టైమివ్వలేదు. ఈసారి మెట్లు దిగాం. రెండు కొండల మధ్య చిన్న ఇసుక ఒడ్డు. 1878లో ఓడ మునిగి 54 మందిలో ఇద్దరే బతికారు. ఈదుకుంటూ ఈ ఒడ్డు చేరిన కుర్రాడు, కేకలు వినపడి మళ్లీ నీళ్లలోకి వెళ్లి ఒక అమ్మాయిని లాక్కొచ్చాడు. పైన వాళ్ల గురించి బోర్డు ఉంది. కింద ఆ ఇసుకలో నిలబడి అలల హోరు వింటే ఆ కేకలు ఎలా వినపడ్డాయో అర్థం కాదు. ఈ సముద్రాన్ని పక్కన పెట్టుకుని సాగే ఆ రోడ్డు కూడా మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా చేత్తో తవ్వి వేసింది.

ఫిలిప్ ఐలాండ్ పెంగ్విన్లకి డబ్బులు పెట్టొచ్చు. కాకపోతే అవి సూర్యాస్తమయం అయ్యాకే ఒడ్డుకొస్తాయి. డిసెంబర్‌లో పొద్దు గూకేసరికే దాదాపు తొమ్మిది, ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. చలికాలంలో వెళ్లేవాళ్లకి పెందలాడే అయిపోతుంది. మెట్లలాంటి సిమెంటు గట్ల మీద కూర్చోవాలి, ఎండాకాలమని స్వెటర్ తేకపోతే ఏడుపే. కెమెరాలు, ఫోన్లు బయటికి తీయనివ్వరు. మొదట విసుక్కున్నాం, తర్వాత మెచ్చుకున్నాం. అడుగు ఎత్తు, కిలో బరువు ఉంటాయేమో. నీటి అంచున పది పదిహేను గుంపుగా నిలబడి ఇటూ అటూ చూస్తాయి. ఒకటి జంకితే అన్నీ నీళ్లలోకి దూకేస్తాయి. మళ్లీ వస్తాయి. ఒక్కటి తెగించి నడిస్తే మిగతావి దాని వెనక. జనం చెక్క వంతెన మీద వెనక్కి వెళ్తుంటే పక్కనే గడ్డిలో అవీ తడబడుతూ తమ బొరియల వైపు నడుస్తుంటాయి, పొలం పని ముగించుకుని ఇంటికి పోయే కూలీల్లా. పార్కింగ్‌లో, కారు తీసేముందు కింద పెంగ్విన్ ఉందేమో చూడమని బోర్డు ఉంది. అల్లుడు ఫోన్ లైటు వేసి నాలుగు చక్రాల కిందా వంగి చూశాడు.

కేరమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయం టార్నీట్ నుంచి ఊరికి ఆ చివర, కారులో గంట పైనే. శివుడికో గోపురం, విష్ణువుకో గోపురం. సంక్రాంతికి వెళ్లాం, పండగ పూట పార్కింగ్ దొరకడమే దర్శనం.

చివరి రెండు వారాలు మిగిలాయి. ఎక్కడికి తీసుకెళ్లమంటారని అల్లుడు అడిగితే, మావారు "స్టేట్ లైబ్రరీ దగ్గర దింపెయ్ బాబూ" అన్నారు. అప్పటికే నాలుగుసార్లు వెళ్లాం. టికెట్ లేదు, ఎందుకొచ్చావని అడిగేవాళ్లు లేరు. 1913లో కట్టిన ఎనిమిది పలకల చదువుల గది, పైన పెద్ద గుమ్మటం, కింద ఆకుపచ్చ దీపాల బల్లలు. పై అంతస్తులో నెడ్ కెల్లీ అనే బందిపోటు వేసుకున్న ఇనుప కవచం ఉంది. నాగళ్ల ఇనుప రేకులు కొట్టి చేయించుకున్నాడట. దున్నే నాగలిని అలా వాడుకున్నవాణ్ణి ఇంకెక్కడా వినలేదు.

మావారు వెళ్లేది మాత్రం చదరంగం బల్లల కోసం. అక్కడ ఒక గ్రీకు ముసలాయన రోజూ వస్తాడు. ఇద్దరికీ భాష కలవదు, చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. మొదటి ఆట మావారు ఓడారు, రెండోది గెలిచారు. మూడో ఆట సగంలో లైబ్రరీ మూసే గంట కొట్టారు. ఆయన పావుల్ని తీయకుండా జేబులోంచి కాగితం తీసి, ఏది ఏ గడిలో ఉందో రాసి, మడిచి పెట్టుకున్నాడు. మర్నాడు ఉదయం పదకొండింటికి మా విమానం.