పాములు పట్టే కిట్: కొక్కెం మంచిదే, పెట్టె మీద రాత మాత్రం ప్రమాదం

ఉద్దానం జీడితోటల్లో, గడ్డికుప్పల దగ్గర పాము కనిపించడం కొత్త కాదు. ఆ భయంతోనే చాలామంది ఆన్‌లైన్‌లో ఈ కిట్ తెప్పించుకుంటున్నారు. పెట్టెలో మూడు వస్తువులుంటాయి. మీటరు పొడవు స్టీలు కొక్కెం, ట్రిగ్గరు నొక్కితే కొసన దవడ మూసుకునే నాలుగడుగుల పట్టుకర్ర, మూతికి తాడున్న గుడ్డసంచి.

కొక్కెం బాగుంది. కొస గుండ్రంగా ఉంది, ఒంటికి గుచ్చుకోదు. రక్తపింజర లాంటి లావుపాటి పాము దాని మీద కుదురుగా ఆగుతుంది. నాగుపాము, జెర్రిపోతు ఆగవు, జారిపోతాయి. వాటిని ఎత్తాలని చూడకుండా, కొక్కెంతో దారి మళ్లించడం వరకే పెట్టుకోవాలి.

పట్టుకర్రతోనే గొడవ. మన వేళ్లకూ దవడకూ మధ్య స్ప్రింగూ తీగా ఉంటాయి కాబట్టి ఎంత గట్టిగా నొక్కుతున్నామో చేతికి తెలియదు. దవడకు రంపంలా పళ్లున్నాయి. పాము పక్కటెముకలు సన్నటి పుల్లల్లాంటివి. లోపల విరిగినా పైకి కనిపించదు. వదిలేసినప్పుడు బాగానే పాకుతుంది, తర్వాత ఎక్కడో పొదలో చచ్చిపోతుంది. దవడ వెడల్పుగా, రబ్బరు తొడుగుతో ఉంటే ఇంత హాని ఉండదు. పైగా మనది సముద్రపు గాలి. తీగ తుప్పుపట్టి బిగుసుకుపోతే ట్రిగ్గరు వదిలినా దవడ తెరుచుకోదు, పాము అందులోనే ఇరుక్కుపోతుంది. తీగకు నూనె రాసి, వాడే ముందు పదిసార్లు మూసి తెరిచి చూడాలి.

సంచి ఒంటిపొర గుడ్డ. రక్తపింజర కోరలు సెంటీమీటరు దాటి ఉంటాయి, ఆ గుడ్డలోంచి సులువుగా దిగుతాయి. లోపలి కుట్ల దారాలు పొలుసులకు తగులుకుంటాయి. దీనికంటే మూడు నాలుగు అంగుళాల పీవీసీ పైపు మేలు. రెండడుగుల ముక్క కోసి, ఒక చివర నల్లగుడ్డ సంచి బిగించి కట్టి, రెండో చివర గోడ మూలన పాముకు ఎదురుగా పెడితే, చీకటి కన్నం అనుకుని తనే దూరుతుంది. తెల్లగుడ్డ కడితే అవతల వెలుతురు కనబడి చాలాసార్లు వెనక్కి తిరుగుతుంది. పాము సంచిలోకి చేరాక సంచి మూతి మెలిపెట్టి కట్టి, సంచినలాగే మూత ఉన్న డ్రమ్ములో పెట్టాలి. సంచి అడుగున చెయ్యి వేయకూడదు. ఇదంతా అటవీశాఖ ఒప్పుకున్న, శిక్షణ ఉన్నవాళ్లకే. మిగతావాళ్లు దూరంగా నిలబడి, పాము ఎటు పోతోందో చూస్తూ ఫోను చేస్తే చాలు.

ఇక అసలు తప్పు. పెట్టె మీద ‘పెంపుడు విషసర్పాలకు అనువైనది’ అని అచ్చు వేశారు. మన దేశంలో నాగుపామును పెంచుకోవడమే నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నాగుపాము, గిరినాగు, రక్తపింజర ఇప్పుడు ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్నాయి. శిక్ష కనీసం మూడేళ్ల జైలు, ఏడేళ్ల దాకా పోవచ్చు. జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. చట్టం లెక్కలో పట్టుకోవడం కూడా వేటే. 39వ సెక్షన్ ప్రకారం ఆ పాము ప్రభుత్వ ఆస్తి. ఏ కారణంగానైనా మీ చేతికొస్తే 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారికో చెప్పాలి. ‘నాలుగు రోజులు డ్రమ్ములో ఉంచి పిల్లలకు చూపిద్దాం’ అనుకునేవాళ్లు ఈ గడువు గుర్తుపెట్టుకోవాలి. 12వ సెక్షన్ కింద అనుమతులిచ్చేది చదువు, పరిశోధన, మందుల తయారీకి విషం తీయడం లాంటి పనులకు. సరదాగా పెంచుకోవడం ఆ జాబితాలో లేదు. నాగులచవితికి బుట్టలో పాముతో వచ్చేవాళ్లకూ ఇదే చట్టం. పాపం, ఆ పాము కోరలు పీకినా మళ్లీ మొలుస్తాయి.

విదేశీ పామును ‘పేపర్లున్నాయి’ అని అమ్మేవాళ్లున్నారు. అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం (సైటీస్) జాబితాల్లో ఉన్న జాతులైతే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాల్సిందే. కాగితం ఉన్నా కాటు కాటే. మన ఆసుపత్రుల్లో ఉండే యాంటీవెనమ్‌ను నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర విషాలకే తయారుచేస్తారు. మన కొండల్లో తిరిగే గిరినాగే అందులో లేదు, ఎక్కడి నుంచో తెచ్చిన పాముకు మందు ఎక్కణ్నుంచి వస్తుంది?

ఈ కిట్‌కు అయిదుకి రెండు చుక్కలు, రెండూ కొక్కేనికే. అది విడిగా దొరికితే అదొక్కటే కొనండి. పైపు, నల్లగుడ్డ, డ్రమ్ము శ్రీకాకుళం బజార్లోనే దొరుకుతాయి. డ్రమ్ము మూతకు గాలి కన్నాలు లోపలి వైపు నుంచి పొడవండి, అప్పుడు మొనలు బయటికుండి పాము మూతికి గీసుకోవు. మూత మీద మీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసు నంబరు, 108 పెద్ద అంకెల్లో మార్కర్‌తో రాసి పెట్టుకోండి.