పాంజియా పజిల్: అన్నీ అతికాయి, మన దేశం తప్ప

మా పాప ఏడో తరగతి. ఖండాలన్నీ ఒకప్పుడు పాంజియా అనే ఒకే పెద్ద ఖండమని పుస్తకంలో చదివి "నిజంగానా నాన్నా?" అంటూ నాలుగు రోజులు నన్ను వదల్లేదు, సరేనని ఆన్‌లైన్‌లో వెతికి ఈ చెక్క పజిల్ తెప్పించాను. 849 రూపాయలు. నెల రోజులు ఆడుకున్నాక రాస్తున్నా.

ముందు నచ్చింది చెప్తా. ముక్కల్ని సముద్రతీరం గీత దగ్గర కోసెయ్యకుండా, నీళ్ల కింద కొంత దూరం సాగి ఉండే ఖండం అంచు దాకా ఉంచారు. అసలు అతుకు చూడాల్సింది అక్కడే. అందుకే బ్రెజిల్ తూర్పు మూపు వెళ్లి పశ్చిమ ఆఫ్రికా వంపులో టక్కున కూర్చుంటుంది, మా పాప ఆ ఒక్కటే ఇరవై సార్లు చేసి ఉంటుంది. పైన ఏ శిలాజం ఎక్కడెక్కడ దొరికిందో చూపే చారలు కూడా వేశారు. మెసోసారస్ అనే పాతకాలం సరీసృపం చార దక్షిణ అమెరికా నుంచి దక్షిణ ఆఫ్రికాలోకి తెగకుండా సాగుతుంది. మహాసముద్రం ఈదే జంతువు కాదది, మరి రెండు చోట్లా ఎలా దొరికింది? 1912లో వెగెనర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇలాంటివే చూపించి ఖండాలు కదిలాయన్నాడు, కానీ ఏ బలం కదిలించిందో సరిగ్గా చెప్పలేకపోయాడని చాలామంది కొట్టిపారేశారు. సముద్రం నడిమధ్యలో కొత్త నేల పుడుతూ రెండు వైపులా జరుగుతోందన్న సంగతి 1960ల్లో గాని తేలలేదు, అప్పటికి ఆయన పోయి ముప్పై ఏళ్లు.

ఈ కదిలే సంగతి గురించి పెట్టెలోని కాగితంలో ఒక్క ముక్క లేదు, పాంజియా ఏదో రొట్టె తుంచినట్టు విడిపోయిందన్నట్టు రాశారు. పైగా 200 కోట్ల ఏళ్ల కిందట విడిపోయిందట! 20 కోట్లు అండీ. మిలియన్లని కోట్లు చేయడంలో ఒక సున్నా ఎక్కువేశారు. మేమే కూర్చుని లెక్క కట్టాం: అట్లాంటిక్ ఏడాదికి రెండున్నర సెంటీమీటర్లు వెడల్పు అవుతుందనుకుంటే, అది తెరుచుకున్నాక గడిచిన 18 కోట్ల ఏళ్లలో 4,500 కిలోమీటర్లు. అసలు వెడల్పుకి మరీ దూరమేం కాదు. పాప నోరు తెరిచింది.

ఇక అసలు కోపం. ఇండియాని ఆసియాతో కలిపి ఒకే ముక్కగా కోశారు. పాంజియా పేర్చితే మనం ఎక్కడో పైన వేలాడుతుంటాం, కింద ఆఫ్రికాకీ అంటార్కిటికాకీ మధ్య పెద్ద బొక్క. అది మన చోటు! మన తూర్పు తీరం అంటార్కిటికాకి ఆనుకుని ఉండేది, 13 కోట్ల ఏళ్ల కిందట ఊడింది, 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ కూడా వదిలేసింది, తర్వాత ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా ఉత్తరానికి ఉరికి దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాని గుద్దుకుంది. హిమాలయాలు లేచింది ఆ గుద్దుకే. పాంజియా దక్షిణ సగానికి గోండ్వానా అన్న పేరు వచ్చింది గోండుల నేల నుంచి, మరి ఈ పజిల్ గోండ్వానాలో ఆ నేలే లేదు. మా మామయ్య కొత్తగూడెం గనుల్లో పనిచేసేటప్పుడు తెచ్చిన, ఆకు ముద్ర ఉన్న రాతి పలక ఒకటి ఇంట్లో ఉంది. చూడ్డానికి అచ్చం గ్లోసాప్టెరిస్ అనే, ఎప్పుడో అంతరించిన చెట్టు ఆకే. సింగరేణి బొగ్గు ఆ కాలం అడవులదే, అవే ఆకులు అంటార్కిటికాలోనూ దొరికాయి. ఇదంతా అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే "డిజైన్ అంతే సార్" అన్నారు.

చేసేదేం లేక హాక్సా బ్లేడుతో హిమాలయాల వెంబడి నేనే కోశాను. కాస్త వంకర పోయింది గానీ ఇప్పుడు ఇండియా సరిగ్గా కూర్చుంటోంది, దాన్ని పైకి తోసి ఆసియాకి గుద్దించడం పాపకి ఇప్పుడు అన్నిటికంటే ఇష్టమైన ఆట.

ఐదుకి మూడు. ఇంట్లో హాక్సా ఉంటే కొనండి, ఐదేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం వద్దు, చిన్న ముక్కలు నోట్లో పెట్టుకునే సైజులో ఉన్నాయి. మా మడగాస్కర్ ప్రస్తుతం ఫ్రిజ్ కింద ఉంది, చీపురు అందడం లేదు.